కంగారూ మాంసాన్ని మటన్‌లా వండితే ఎందుకు చెడుతుంది?

మెల్‌బోర్న్‌లోనో సిడ్నీలోనో కొత్తగా కాపురం పెట్టిన తెలుగు ఇళ్ళల్లో కంగారూ మాంసంతో తొలి పరిచయం చాలాసార్లు ఒకేలా జరుగుతుంది. సూపర్‌మార్కెట్‌కి వెళ్తారు, మటన్ ధర చూస్తారు, పక్క అరలోనే ముదురెరుపు రంగులో, కొవ్వు చుక్క లేకుండా నీట్‌గా ప్యాక్ చేసిన కంగారూ ముక్కలు కనిపిస్తాయి, సరే ఓసారి చూద్దామని ఒక ప్యాకెట్ బుట్టలో వేసుకుంటారు. ఇంటికొచ్చి అల్లం వెల్లుల్లి, ఉప్పు, కారం, పసుపు పట్టించి, ఉల్లిపాయలు ఎర్రగా వేయించి, ధనియాలు గసగసాల ముద్ద వేసి, కుక్కర్ మూత పెట్టి ఆరు విజిల్స్ రానిస్తారు. మూత తీసి ముక్క నొక్కి చూస్తే రబ్బరు. ఉడకలేదేమో అని ఇంకో నాలుగు విజిల్స్. ఈసారి రబ్బరు పోయి పీచు మిగులుతుంది, నోట్లో పెట్టుకుంటే ఎండిన కొబ్బరి పీచు నమిలినట్టు, పైగా కూరంతా ఏదో కార్జం వాసన. ఆ ఇంట్లో కంగారూ కథ అక్కడితో అయిపోతుంది.

మసాలా తక్కువైందనో మాంసం నాసిరకమనో అనుకుంటారు గానీ అసలు సంగతి వేరే ఉంది. మన చేతికి అలవాటైన వంట పద్ధతి మొత్తం కొవ్వున్న మాంసం కోసం, ఎముకతో సహా కొట్టించుకున్న ముక్క కోసం తయారైంది. కంగారూ కండలో కొవ్వు దాదాపు లేదు, మంచి ముక్కల్లో నూటికి 2 శాతం కూడా ఉండదు. ఈ ఒక్క విషయాన్ని గట్టిగా పట్టుకుంటే దాని రుచి ఎందుకలా ఉంటుందో, ఎంతసేపు వండాలో, ఎప్పుడు ఆపాలో, ఏ ముక్క దేనికి పనికొస్తుందో అన్నీ వరసగా అర్థమవుతాయి.

ముందు రుచి సంగతి. ఎక్కడ వెతికినా "జింక మాంసంలా ఉంటుంది" అనే రాస్తారు. మనకి ఆ పోలిక వల్ల ఉపయోగం లేదు, 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక దుప్పి, జింక మాంసం మన ఇళ్ళల్లోకి రావడం నేరం, ఆ రుచి తెలిసినవాళ్ళు తాతల తరంతోనే వెళ్ళిపోయారు. మనకి తెలిసిన వాటితో చెప్పుకుందాం. మేక తొడ కండని తీసుకుని, మీద కొవ్వు, పొరలు మొత్తం ఒలిచేసి, దానికి పావు వంతు కార్జం రుచి కలిపితే ఎలా ఉంటుందో ఊహించుకోండి, చివర్లో నాలుక మీద కొంచెం తియ్యగా, కొంచెం ఇనుము తగిలినట్టు ఉంటుంది. గొడ్డు మాంసం అలవాటున్నవాళ్ళకైతే ఇంకా సులువు, కొవ్వులేని గొడ్డు మాంసాన్ని మరి కాస్త చిక్కబరిస్తే ఇదే. కార్జం ఇష్టంగా తినేవాళ్ళకి కంగారూ తొందరగా నచ్చుతుంది, కార్జం వాసనకే ముక్కు మూసుకునేవాళ్ళకి కొంచెం కష్టం, ఇది ముందే తెలుసుకుని మొదలుపెట్టడం మంచిది.

ఇక నీచు వాసన. మేక, గొర్రె మాంసంలో మనకి తెలిసిన ఆ వాసన ఎక్కువగా కొవ్వులోంచి వస్తుంది, ముదురు పోతు మాంసం కంపు కొట్టేది కూడా దాని కొవ్వులో ఉండే కొన్ని ఆమ్లాల వల్లే. అందుకే వాసన తగ్గాలంటే కొవ్వు తీసేయమంటారు. కంగారూలో తీసేయడానికి కొవ్వే లేదు, దాని వాసన కండలోనే ఉంటుంది. కండకి ఎరుపు రంగునిచ్చే మయోగ్లోబిన్ అనే ప్రొటీన్ ఇందులో బాగా ఎక్కువ, దానితోపాటు ఇనుమూ ఎక్కువే. మాంసాన్ని ఎక్కువసేపు ఉడికిస్తే, ఒకసారి వండి చల్లారబెట్టి మళ్ళీ వేడిచేస్తే, ఆ ఇనుము కణాల పొరల్లో ఉన్న కాస్తంత కొవ్వునీ ఆక్సీకరణం చెందిస్తుంది, అప్పుడు కార్జం వాసన రెట్టింపు అవుతుంది. మటన్ కూర మర్నాటికే బాగుంటుందని మన నమ్మకం కదా, కంగారూ కండ విషయంలో మాత్రం అది పనిచేయదు. వండిన పూటే, వేడిమీదే తినాలి. (తోక సంగతి వేరు, అది చివర్లో.)

ఇంత ఎరుపు ఎందుకంటే ఆ జంతువు బతుకు అలాంటిది. ఆస్ట్రేలియా లోపలి ఎండు మైదానాల్లో గడ్డి, నీళ్ళు ఎక్కడ దొరికితే అక్కడికి గెంతుకుంటూ పోవాలి. ఆ గెంతులో చాలా శక్తి వెనక కాళ్ళ స్నాయువుల్లో స్ప్రింగులా నిలవ ఉండి, మళ్ళీ తర్వాతి గెంతుకి అందుతుంది, మిగతా పని అంతా తొడల కండలది. అందుకే కంగారూలో తినదగ్గ మాంసం చాలావరకు తొడల్లో, నడుము దగ్గర, తోకలో ఉంటుంది, ముందు కాళ్ళ దగ్గర పెద్దగా ఏమీ ఉండదు, అక్కడి మాంసం ఎక్కువగా కీమాకో పెంపుడు జంతువుల తిండికో వెళ్తుంది. నిత్యం పనిచేసే కండకి ఆక్సిజన్ కావాలి, ఆక్సిజన్ పట్టుకోవడానికి మయోగ్లోబిన్ కావాలి, అందువల్లే ఈ రంగు.

ఇంకో ముఖ్యమైన సంగతి, దుకాణంలో కనిపించే కంగారూ మాంసం ఫారంలో పెంచింది కాదు. మన కోస్తా జిల్లాల్లో మేక, పోతు మాంసాన్ని వేట మాంసం అంటారు గానీ, అక్షరాలా వేట మాంసం అంటే ఇదే. లైసెన్సు ఉన్న షూటర్లు రాత్రిపూట వెనక తొట్టి ఉన్న జీపులాంటి బండేసుకుని, పెద్ద లైటు వేసి, మేస్తున్న కంగారూని తలలో ఒక్క తూటాతో పడగొట్టాలి. ఒంట్లో తూటా తగిలిన కంగారూని మనుషుల తిండికి తీసుకోరు. అక్కడికక్కడే పేగులు తీసేసి, చర్మంతోనే బండికి వేలాడదీసి, ఊరి దగ్గర పెట్టిన చల్లటి గదికి చేరుస్తారు, అక్కడి నుంచి ఫ్యాక్టరీకి. ఎర్ర కంగారూ, తూర్పు బూడిద రంగు కంగారూ, పడమటి బూడిద రంగు కంగారూ, వాలరూ, ప్రధాన భూభాగంలో ఎక్కువగా ఈ నాలుగు జాతులనే వ్యాపారానికి వేటాడతారు. ప్రతి రాష్ట్రం విమానాల మీంచి లెక్కలు కట్టి, ఉన్నవాటిలో సుమారు 15 నుంచి 20 శాతం దాకా కోటా ఇస్తుంది, నిజానికి వేటాడేది ఆ కోటాకి చాలా తక్కువే.

ఈ పద్ధతికి రుచితో నేరుగా సంబంధం ఉంది. కబేళాకి తోలుకొచ్చే పశువు దారిలో బెదిరితే కండలో ఉన్న చక్కెర నిలవలు ఖర్చైపోతాయి, తర్వాత మాంసంలో రావాల్సిన పులుపు రాదు, ముక్క నల్లగా, గట్టిగా తయారవుతుంది. కంగారూ బెదురు జంతువు, పట్టి బంధిస్తే ఆ ఒత్తిడికే కండలు దెబ్బతిని చచ్చిపోయేవి కూడా ఉంటాయి, ఫారాల్లో పెంచి కబేళాకి తరలించే వ్యవహారం కుదరకపోవడానికి ఇదొక కారణం. మేస్తూ మేస్తూ ఏం జరిగిందో తెలియకముందే ప్రాణం పోయిన జంతువు మాంసంలో ఆ లోపం ఉండదు. అయితే ఇందులో మనసుని ఇబ్బంది పెట్టే విషయమూ ఉంది, దాన్ని దాటేసి రాయడం సరికాదు. తల్లి కంగారూని కాల్చితే సంచిలో ఉన్న పిల్లనీ చంపేయాల్సిందేనని నిబంధన. ఇది తట్టుకోలేకే చాలామంది ఈ మాంసాన్ని వ్యతిరేకిస్తారు, ఆ విమర్శల తర్వాతే కొన్ని పెద్ద కంపెనీలు మగ కంగారూలనే తీసుకోవడం మొదలుపెట్టాయి. కొనేవాళ్ళు ఆ సంగతి వాకబు చేసి కొనడం న్యాయం. తూటాతో చంపినది కాబట్టి హలాల్ పాటించే ఇళ్ళకి ఇది సాధారణంగా కుదరదు.

తెల్లవాళ్ళు ఈ మాంసాన్ని మొదట మెచ్చుకునే తిన్నారు. 1770లో ఇంగ్లీషు నావికుడు కెప్టెన్ కుక్ ఓడ ఆస్ట్రేలియా తీరంలో పగడపు దిబ్బకి కొట్టుకుని చిల్లుపడి, ఇప్పటి కుక్‌టౌన్ దగ్గర నది ఒడ్డున మరమ్మతు కోసం ఆగింది. జులై 14న జాన్ గోర్ అనే అధికారి ఒక కంగారూని కాల్చాడు, మర్నాడు దాన్ని వండుకు తిన్నారు, ఓడలో ఉన్న ప్రకృతి శాస్త్రవేత్త జోసెఫ్ బ్యాంక్స్ మాంసం చాలా బాగుందని డైరీలో రాసుకున్నాడు. కంగారూ అనే మాట కూడా అక్కడి ఆదివాసుల గూగు యిమిథిర్ భాషలోని గంగూరు నుంచే వచ్చింది. తర్వాత వలస వచ్చి స్థిరపడినవాళ్ళు "స్టీమర్" అనే వంటకం చేసుకునేవారు, కంగారూ మాంసాన్ని సన్నగా తరిగి, ఉప్పు పట్టించిన పంది కొవ్వు ముక్కలు కలిపి, మూత గట్టిగా పెట్టి, దాని రసంలోనే సన్నసెగ మీద మగ్గనివ్వడం. లేని కొవ్వుని బయటి నుంచి తెచ్చి కలపాలన్న కిటుకు వాళ్ళకి 200 ఏళ్ళ కిందటే తెలుసన్నమాట.

ఆ తర్వాత గొర్రెలు, పశువులు పెరిగి, కంగారూ గడ్డికి పోటీ వచ్చే పీడగా, కుక్కల తిండిగా మారిపోయింది. మనుషులు తినడానికి అమ్మడం దక్షిణ ఆస్ట్రేలియాలో 1980లో చట్టబద్ధమైంది, మిగతా రాష్ట్రాల్లో 1993 దాకా ఆగాల్సి వచ్చింది. ఈ మధ్యలో 1981లో అమెరికాకి గొడ్డు మాంసం పేరుతో వెళ్ళిన సరుకులో గుర్రం మాంసం, కంగారూ మాంసం బయటపడి పెద్ద కుంభకోణం అయింది, విచారణకి రాయల్ కమిషన్ వేశారు. కల్తీ సరుకుగా వార్తల్లోకెక్కిన మాంసం మళ్ళీ మంచి పేరు తెచ్చుకోవడానికి టైమ్ పడుతుంది కదా. తమ దేశ రాజముద్ర మీద ఉన్న జంతువుని తినడమేంటి అనే సెంటిమెంట్ కూడా ఆస్ట్రేలియన్లలో ఇప్పటికీ గట్టిగానే ఉంది.

కానీ ఈ మాంసాన్ని వేల ఏళ్ళుగా తింటున్నవాళ్ళు ఎవరి చట్టం కోసమూ ఎదురుచూడలేదు. మధ్య ఆస్ట్రేలియా ఎడారిలో పిత్జన్‌జజర భాష మాట్లాడే ఆదివాసులు ఎర్ర కంగారూని మలు అంటారు. దాన్ని వండే తీరు ఇది. పొట్ట దగ్గర చిన్న గాటు పెట్టి పేగులు తీసి, ఆ గాటుని పుల్లతో మూసేస్తారు. జంతువుని మంటలో తిప్పి వెంట్రుకలు కాల్చి గీకేస్తారు. కాళ్ళ చివరలు, తోక వేరుచేసి, నేలలో తవ్విన గుంటలో నిప్పులు, వేడి ఇసుక మీద పడుకోబెట్టి పైన కప్పేస్తారు. చర్మం ఒలవరు, అసలు ఉపాయం ఆ చర్మంలోనే ఉంది, ఆవిరి బయటికి పోనివ్వకుండా అదే మూత అవుతుంది. ముక్కలు ముక్కలుగా విడిపోయేదాకా ఉంచరు, లోపల ఎరుపు ఉండగానే తీసి, ఎవరికి ఏ భాగం చెందాలో బంధుత్వాల కట్టుబాటు ప్రకారం పంచుతారు. బక్కచిక్కిన జంతువంటే వాళ్ళకి ఇష్టం ఉండదు, ఒంట్లో కాస్త కొవ్వున్న కంగారూకే విలువ, తోకకి అంత గిరాకీ అందుకే. పెద్ద స్టవ్‌లు, థర్మామీటర్లు ఉన్న రెస్టారెంట్ వంటవాళ్ళు ఈ మాంసం గురించి ఇప్పుడు చెప్తున్న రెండు పాఠాలు, తేమ పోనివ్వకు, తొందరగా ఆపు అనేవి, ఆ గుంటలో ఎప్పటి నుంచో ఉన్నాయి.

ఇక పెనం దగ్గరికి వద్దాం. నడుము దగ్గరి ఫిల్లెట్ గానీ తొడ పైభాగం ముక్క గానీ తీసుకుంటే, ప్యాకెట్ కోయగానే ముదురెర్ర నీళ్ళు కారతాయి, ఒక పులిసిన వాసన వస్తుంది. ఆ నీళ్ళు రక్తం కాదు, మయోగ్లోబిన్ కలిసిన నీరు. ఆ వాసన గాలి లేని ప్యాకింగ్ వల్ల వచ్చేది, పళ్ళెంలో పెట్టి గాలి తగలనిస్తే పది నిమిషాల్లో పోతుంది, పోకుండా ఇంకా ముదిరితే ఆ మాంసం వాడకండి. ముక్క మీద వెండిలా మెరిసే సన్నని పొర ఉంటే కత్తి మొన కిందకి దూర్చి తీసేయాలి, లేకపోతే వేడికి ముడుచుకుపోయి ముక్కని వంకర చేస్తుంది. టిష్యూతో తడి లేకుండా అద్ది, అరగంట బయట ఉంచి, నూనె పెనంలో కాకుండా ముక్కకే రాయాలి, మిరియాల పొడి అప్పుడే, ఉప్పు మాత్రం పెనం మీద వేసే ముందు. ఇనుప పెనం పొగలొచ్చేదాకా కాలాలి. అంగుళం మందం ముక్కకి ఒక వైపు రెండున్నర నిమిషాలు, తిప్పి ఇంకో రెండున్నర, అంతే. ఆ చప్పుడు ఆగకుండా ఉండాలి, చప్పుడు తగ్గిందంటే పెనం చల్లబడి ముక్క తన నీళ్ళలో తను ఉడుకుతోందని అర్థం. చివర్లో ఒక చెంచాడు నెయ్యి, నాలుగు కరివేపాకు రెబ్బలు వేసి ఆ నెయ్యి ముక్క మీదకి ఎత్తిపోస్తే చాలా బాగుంటుంది. తీసి పళ్ళెంలో పెట్టి, పైన ఫాయిల్ వదులుగా కప్పి, ఐదు నిమిషాలు ముట్టుకోకూడదు. అప్పుడు పీచుకి అడ్డంగా కోస్తే లోపల దానిమ్మ గింజ రంగు కనిపించాలి.

లెక్కలు కావాలంటే, లోపలి వేడి 55 డిగ్రీల దగ్గర ఉన్నప్పుడు దించేస్తే ఆ విశ్రాంతిలో ఇంకో మూడు నాలుగు డిగ్రీలు ఎక్కి ఆగుతుంది. 60 దాటిన దగ్గర్నుంచి కండ పోగులు ముడుచుకుంటూ లోపలి నీళ్ళని పిండేస్తాయి, 70కి వచ్చేసరికి రంగు బూడిదగా మారి, పిండిన బట్టలా అయిపోతుంది. ఇది ఏ మాంసానికైనా జరిగేదే. మటన్‌లో నీళ్ళు పోయినా కరిగిన కొవ్వు నోటికి నునుపునిస్తుంది, మేక జబ్బ ముక్కలో ఉండే కొల్లాజెన్ అనే గట్టి ప్రొటీన్ గంటసేపు ఉడికేసరికి జిగురుగా మారి మళ్ళీ మెత్తబరుస్తుంది. కంగారూ ఫిల్లెట్‌లో ఆ కొవ్వూ లేదు, చెప్పుకోదగ్గ కొల్లాజెనూ లేదు, కాబట్టి ఒకసారి గీత దాటాక ఎంత ఉడికించినా వెనక్కి రాదు. కుక్కర్‌లో ఇంకో నాలుగు విజిల్స్ ఎందుకు పనిచేయలేదో ఇప్పుడు అర్థమై ఉంటుంది.

లోపల ఎర్రగా ఉంటే తినలేం అనే తెలుగువాళ్ళు చాలామంది ఉంటారు, అందులో తప్పేమీ లేదు, ఆ అలవాటుని మార్చుకోమనడం కూడా అనవసరం. గర్భిణులు, రోగనిరోధక శక్తి తక్కువ ఉన్నవాళ్ళు అయితే ఎర్రగా ఉన్నది అసలు తినకూడదు, అడవి జంతువుల మాంసంలో టోక్సోప్లాస్మా అనే పరాన్నజీవి ఉండే అవకాశం ఉంది, కంగారూలోనూ ఉంటుంది. కీమా కూడా ఎవరికైనా సరే పూర్తిగా ఉడకాల్సిందే, ఎందుకంటే పైన ఉండే క్రిములు మిషన్‌లో పడ్డాక లోపలిదాకా కలిసిపోతాయి. ఎరుపు వద్దనుకునేవాళ్ళు ఫిల్లెట్‌తో కుస్తీ పట్టే బదులు వేరే ముక్క, వేరే పద్ధతి ఎంచుకుంటే సరిపోతుంది, అలాంటివి మన వంటల్లోనే మూడున్నాయి.

మొదటిది మిరియాల వేపుడు, వరస మాత్రం తిరగేయాలి. మామూలుగా ముక్క ముందు ఉడికించి తర్వాత మసాలాలో వేయిస్తాం. ఇక్కడ ఉల్లిపాయ, పచ్చిమిర్చి, కరివేపాకు, అల్లం వెల్లుల్లి, మసాలా అంతా పూర్తిగా వేయించి నూనె తేలాక పక్కన పెట్టుకోవాలి. మాంసాన్ని అరగంట ఫ్రీజర్‌లో పెట్టి కొంచెం బిగిశాక పీచుకి అడ్డంగా కాగితం అంత కాకపోయినా చిటికెన వేలిలో సగం మందాన కోయాలి. బాగా కాలిన మూకుడులో గుప్పెడు గుప్పెడుగా వేసి, రెండు నిమిషాలు పెద్ద మంట మీద ఎగరేసి, వేయించిన మసాలాలో కలిపి దించేయాలి. అరకిలో ఒకేసారి వేస్తే నీళ్ళూరి ఉడికిపోతుంది, మొత్తం శ్రమ వృథా. ముక్క పల్చన కాబట్టి లోపలిదాకా వేగుతుంది, ఎరుపు కనపడదు, అయినా మెత్తగానే ఉంటుంది.

పచ్చి బొప్పాయి రాసి నానబెట్టే అలవాటు ఉన్నవాళ్ళు దీనికి మాత్రం ఆ పని చేయకండి. ఆ బొప్పాయి గట్టి పీచుని కరిగించడానికి. ఫిల్లెట్ ముందే మెత్తన, దానికి బొప్పాయి తగిలితే పైభాగం జావలా తయారై, అసలే ఉన్న కార్జం పోలిక ఇంకా ఎక్కువవుతుంది. పులుపు మాత్రం బాగా కలుస్తుంది. ఆస్ట్రేలియాలో కంగారూకి తోడుగా క్వాండాంగ్ అనే ఎడారి పండు, ప్లమ్ పళ్ళ సాస్, బీట్‌రూట్, ఎర్ర వైన్ వాడతారు, మన చింతచిగురు, గోంగూర ఆ పనే ఇంకా బాగా చేస్తాయి, ఇనుము రుచిని పులుపు అణిచేసి తియ్యదనాన్ని పైకి తెస్తుంది. కాకపోతే గోంగూరని విడిగా మగ్గబెట్టి, వేయించిన ముక్కల్ని ఆఖర్న కలపాలి.

రెండోది కీమా. విడిగా ఇగురు చేస్తే పొడిపొడిగా ఇసుకలా తగులుతుంది, కాబట్టి కిలోకి ఓ పావుకిలో కొవ్వున్న మటన్ కీమా కలుపుకోవాలి, వలసవాళ్ళ స్టీమర్ సూత్రమే ఇది. అంతకన్నా తెలివైన దారి హైదరాబాద్ వంటింట్లో ఉంది. షామీ కబాబ్‌కి మనవాళ్ళు కావాలనే కొవ్వులేని మాంసం తీసుకుంటారు, కొవ్వుంటే టిక్కీ విరిగిపోతుంది. శనగపప్పుతో కలిపి ఉడికించి రుబ్బుతారు, తేమనీ మెత్తదనాన్నీ పప్పు ఇస్తుంది, పైన నెయ్యిలోనో నూనెలోనో కాలుస్తారు. కంగారూ కోసమే కనిపెట్టారా అనిపించేంత సరిగ్గా సరిపోతుంది, లవంగాలు, యాలకులు, పుదీనా ఆ ముదురు వాసనకి మంచి జోడీ. ఇంట్లో పిల్లలకి, అనుమానంగా చూసే పెద్దవాళ్ళకి మొదటిసారి పెట్టాలంటే ఇదే పెట్టండి.

ఒంటికి మంచిదా అంటే, 100 గ్రాముల పచ్చి మాంసంలో 22 గ్రాముల దాకా ప్రొటీన్, కొవ్వు ఒకటి రెండు గ్రాములు, ఇనుము పుష్కలం. భూమికి కూడా కొంత మేలే, కంగారూ పొట్టలో గడ్డి పులిసే తీరు వేరు కాబట్టి పశువుల్లా భూమిని వేడెక్కించే మీథేన్ వాయువుని పెద్దగా వదలదు, 2008లో ఆర్థికవేత్త రాస్ గార్నో ప్రభుత్వానికి ఇచ్చిన వాతావరణ నివేదికలో గొర్రె, గొడ్డు మాంసానికి బదులు కంగారూ వైపు మళ్ళడం గురించి రాశాడు. దేశం అలా మళ్ళలేదు. రుచి అలవాటు కాకుండా నివేదికలు చదివి ఎవరూ కూర మార్చుకోరు.

మూడోది తోక, అసలు తెలుగు చేతికి పుట్టిన ముక్క ఇది. కంగారూ నెమ్మదిగా మేస్తూ నడిచేటప్పుడు తోకని నేలకి ఆనించి ఒళ్ళంతా ముందుకు తోస్తుంది, తోక అచ్చం ఐదో కాలులా పనిచేస్తుందని 2014లో శాస్త్రవేత్తలు కొలిచి మరీ చూపించారు. అంత బరువు మోసే తోక నిండా స్నాయువులు, కీళ్ళు, జిగురు. ఫిల్లెట్‌లో లేనిదంతా ఇక్కడ ఉంది. మధ్య ఆస్ట్రేలియాలోని ఆలిస్ స్ప్రింగ్స్ వైపు దుకాణాల ఫ్రీజర్లలో తోకలు వెంట్రుకలతోనే అమ్ముతారు, అక్కడివాళ్ళు మంట మీద కాల్చి, గీకి, ఫాయిల్‌లో చుట్టి నిప్పుల్లో పూడ్చి పెడతారు. నగరాల్లో అయితే మాంసం దుకాణంవాళ్ళని అడిగితే తోలు తీసి కణుపుల దగ్గర కోసి ఇస్తారు.

దీన్ని పాయా వండినట్టే వండాలి. ముక్కల్ని ముందు నూనెలో అన్ని వైపులా ఎర్రగా కాల్చి, అల్లం వెల్లుల్లి, పసుపు, ఉప్పు, దాల్చినచెక్క, మిరియాలు వేసి, ముక్కలు మునిగి పైన రెండు వేళ్ళు నిలిచేంత నీళ్ళు పోయాలి. కుక్కర్‌లో అయితే మొదటి విజిల్ వచ్చాక మంట బాగా తగ్గించి 45 నుంచి 50 నిమిషాలు, మామూలు గిన్నెలో అయితే మూత పెట్టి మూడు గంటలు. ఇక్కడ ఎక్కువ ఉడికిందన్న భయం అక్కర్లేదు, ఎంత ఉడికితే అంత జిగురు కరుగుతుంది. వేలితో తోస్తే మాంసం ఎముకని వదిలేయాలి, చారు ఒక చెంచా తాగితే పెదాలు ఒకదానికొకటి అంటుకోవాలి. అప్పుడు చింతపండు పులుసు, వేయించిన ఉల్లి ముద్ద, ధనియాల పొడి వేసి ఇంకో పావుగంట మరగనిస్తే పులుసు తయారు. వేడి అన్నంలోకో, మినప రొట్టెలోకో, దోసెలోకో. మిగిలింది ఫ్రిజ్‌లో పెట్టి పొద్దున్నే తీస్తే గిన్నె బోర్లించినా కింద పడనంత గట్టిగా గడ్డకట్టి ఉంటుంది, చాకుతో ముక్కలు కోయొచ్చు. వేడి చేస్తే రాత్రికన్నా ఇంకాస్త బాగుంటుంది.